తేదీ రాయని ఫొటో

బతికున్న మా మామకు ఫొటోలో దండ వేసింది నేనే. అదీ చాటుమాటుగా కాదు, తొర్రూరు బస్టాండుకు పోయే రోడ్డు మీద, పట్టపగలు, నలభై మూడు అంగుళాల టీవీలో. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, పోయిన ఎండాకాలం మా ఇంట్లో చాలా రోజులు ఎవరూ నవ్వలేదు.

మాది ఫొటో స్టూడియో. బోర్డు మీద మా ఆయన దినేశ్ పేరుంటుంది, కుర్చీలో నేనుంటాను. ఆయన కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్ల వెంట తిరుగుతాడు. ఇవాళ జనగామ అంటే రేపు మహబూబాబాద్. దుకాణంలో పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్లు, పెళ్లి ఆల్బమ్‌లు, చావు ఫ్లెక్సీలు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఎవరి చెంప మీద మచ్చ పోవాలన్నా, ఎవరి బట్టతల మీద వెంట్రుకలు రావాలన్నా ఈ రుక్కి దగ్గరికే రావాలి. ఆ పొగరు నాకుండేది, లేదని చెప్పను.

ఉగాదికి దినేశ్ ఆ పెద్ద టీవీ తెచ్చి, దుకాణం ముందరి అద్దానికి ఆనించి, రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. కంప్యూటర్ నుంచి దానికి వైరు కలిపాడు. ఫొటోలను స్క్రీన్ సేవర్‌గా తిప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. ఐదు నిమిషాలు ఎవరూ మౌస్ ముట్టకపోతే చాలు, కంప్యూటర్‌లోని ఫొటోలు వాటంతట అవే ఒక్కొక్కటిగా టీవీలోకి వస్తాయి. ఎక్కించేటప్పుడు అది ఏవేవో అడిగిందట. ఈయన సరే, సరే అని నొక్కుకుంటూ పోయాడట.

మొదటి రోజు పెళ్లికూతుళ్లు, బారసాల పిల్లలు, కొత్త ఇంటి ముందు నిలబడ్డ జంటలు వరసగా వచ్చారు. ఎదురుగా వేణు హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని మా దుకాణం ముందుకొచ్చి చూశారు. మేం మురిసిపోయాం. అది ఫొటోలు ఎక్కడి నుంచి తెస్తోంది, ఏవి తెస్తుంది, ఏవి వదిలేస్తుంది అని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. పైగా నేను లోపలి గదిలో ఎవరికో ఫొటో తీస్తున్నప్పుడే కంప్యూటర్ ఖాళీగా ఉండేది. కాబట్టి రోడ్డు మీది జనానికి కనిపించేదేమిటో నాకు కనిపించేది కాదు.

ఇక మా మామ సంగతి. పేరు సమ్మయ్య, దినేశ్ తండ్రి. భూపాలపల్లి బొగ్గు గనిలో, మేం బాయి అంటాం, ముప్పై నాలుగేళ్లు పని చేసి, రిటైరయ్యాక తొర్రూరులో మా దగ్గరికి వచ్చాడు. హోలీ ముందు గుండెలో పట్టేసినట్టుందంటే హనుమకొండ తీసుకుపోయాం. నరాలు మూడు చోట్ల మూసుకుపోయాయి, ఆపరేషన్ తప్పదు, ఎండాకాలం దాటనివ్వొద్దు అన్నాడు డాక్టర్. మే ఇరవై ఆరు తారీఖు ఇచ్చారు. మామ నెల రోజులు మాతో కొట్లాడి, కోసుకుంటే కోసుకోనియ్ అని చివరికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం ఎంత పల్చనిదో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరైనా గట్టిగా తుమ్మినా మాట వెనక్కి తీసుకునేటట్టు ఉండేవాడు. అందుకని అందరం మెల్లగా నడుస్తూ, మెల్లగా మాట్లాడుతూ ఆ తారీఖు కోసం చూస్తున్నాం.

మా అత్త పోచమ్మ మామూలుగా దుకాణానికి రాదు. మే మొదటి వారంలో ఒక మిట్టమధ్యాహ్నం కొంగు నెత్తిన వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. నీళ్లిస్తే పక్కన పెట్టింది.

"మీ మామది ఒక మంచి ఫొటో చేసి పెట్టు బిడ్డా" అంది. "పెద్దది. గోడకు పెట్టేది."

గోడకు పెట్టేది అంటే ఏమిటో నాకు తట్టడానికి కొంత సేపు పట్టింది. తట్టాక ఒళ్లు మండింది. మనిషి బతకడానికి ఆపరేషన్‌కు పోతుంటే నీ నోట్లోంచి ఇదేం మాట అత్తమ్మా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. తన తల్లి సంగతి చెప్పింది. తరిగొప్పులలో ఆమె తల్లి పోయిననాడు ఇల్లంతా వెతికినా ఒక్క ఫొటో దొరకలేదట. ఆధార్ కార్డు మీది మొహాన్నే పెద్దది చేయించి దండ వేశారట. ఆధార్‌కు దిగిన రోజు ఆ ముసలామెకు జ్వరం. కళ్లు సగం మూసి, మూతి ఒక పక్కకు పోయి ఉంది.

"పదకొండేండ్లాయె" అంది అత్త. "పండుగకు దండం పెడ్దామని నిలవడితే గామె నాకు మా అవ్వ లెక్క కనవడది. ఎవలో బయటి మనిషికి మొక్కినట్టుంటది."

అలాంటి ఫొటోలు చేసేదే నేను. ఇంట్లో మనిషి పోయిన గంటకు ఎవరో ఒకరు ఆధార్ జిరాక్స్ పట్టుకుని దుకాణంలోకి వస్తారు. నేను ఆ మొహాన్నే పెద్దది చేసి, నునుపు చేసి, కింద ఒక నీలం కోటు తగిలిస్తాను. తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లలో గోడలెక్కిన పెద్దమనుషుల్లో సగం మంది వేసుకున్నది ఒకటే కోటు. అది నా కంప్యూటర్‌లో ఉంది.

ఎవ్వరికీ తెలియొద్దు, కొడుక్కి కూడా చెప్పొద్దు, ఆయన మంచిగా తిరిగొస్తే ఆ ఫొటో అవతల పారెయ్ అంది అత్త. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చెప్పనన్నాను.

ఆ సాయంత్రమే కూర్చుని చేశాను. మామ కూతురి ఇంట్లో పండక్కి తీసిన ఫొటోలోంచి ఆయన మొహం తీసుకున్నాను. మంచి ఫొటో చేయమని మాత్రమే అత్త అడిగింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కానీ నా చేతికి ఒక అలవాటుంది, అది ఆగలేదు. నీలం కోటు తొడిగింది. బంతిపూల దండ వేసింది. రెండు పక్కలా దీపాలు పెట్టింది. పైన 'అశ్రునివాళి', కింద 'జననం' అని మామ పుట్టిన తారీఖు, 'మరణం' అని రాసి ఎదురుగా ఖాళీ. పెళ్లిళ్ల సీజన్, ఊపిరాడని పని, కర్మకాలి ఏదైనా జరిగితే ఒక్క తారీఖు కొట్టుకుంటే చాలు అనుకున్నాను. ఆ తెలివికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఎవరి కంటా పడకుండా, ఒక ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ పెట్టి, దానికి 'కరెంటు బిల్లులు' అని పేరు పెట్టి అందులో దాచాను. కరెంటు బిల్లులు ఎవరు తెరిచి చూస్తారు?

మే పదిహేనున ఏడాది నిండిన పాపకు ఫొటో తీయడానికి లోపలి గదిలోకి పోయాను. ఆ పాప నవ్వదు, ఏడుపు ఆపదు. తల్లి గిలక ఊపుతుంటే నేను పిల్లి కూతలు కూశాను. అరగంట పట్టింది. బయటికొచ్చేసరికి అద్దం అవతల ఎండలో మామ నిలబడి ఉన్నాడు. పొద్దున పదకొండింటికి వేణు హోటల్లో చాయ్ తాగడం ఆయనకు అలవాటు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. వెనకాల వేణు, ఇంకో నలుగురు. అందరి కళ్లూ టీవీ మీదే. టీవీలో మహబూబాబాద్ పెళ్లికూతురొకతె నవ్వుతోంది.

నేను బయటికి పోయి, ఎండలో నిలబడ్డావేంది మామా, లోపలికి రా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఆగు. ఇందాక ఒక్కపాలి వచ్చింది. మల్ల వస్తది" అన్నాడు.

ఏమొస్తుందో నాకు అర్థం కాలేదు. పక్కన నిలబడి నేనూ చూశాను. ఒక నామకరణం వచ్చింది. ఒక ట్రాక్టర్ ముందు నిలబడ్డ తండ్రీకొడుకులు వచ్చారు. తర్వాత టీవీ నిండా మా మామ వచ్చాడు. నీలం కోటు, బంతిపూలు, దీపాలు. లోపలికి ఉరికి మౌస్ కదిలిస్తే ఆ ఫొటో పోయేదే, అది కూడా నాకు తోచలేదు.

మామ మొత్తం చూశాడు, పైనుంచి కిందికి.

"తారీఖు రాయలె. జాగ ఖాళీ ఉంచినవు" అన్నాడు.

గ్లాసు వేణు చేతిలో పెట్టి ఇంటి దారి పట్టాడు.

ఆ మాట తొర్రూరులో ఆగలేదు. చూసినవాళ్లలో ఒకరు ఫోన్లో ఫొటో కొట్టి ఎవరికో పంపారు. సాయంత్రానికి తరిగొప్పుల నుంచి మామ మేనకోడలు ఆటోలోంచే ఏడుపు అందుకుని వచ్చి మా గుమ్మం ముందు కూలబడింది. తలుపు తీసింది మామే. ఆమె నోరు తెరిచింది, మూయలేకపోయింది. వచ్చినవు గద, తిని పో అన్నాడాయన. అన్నం పెట్టించి, ఆమె తిన్నంత సేపూ ఎదురుగా కూర్చున్నాడు. ఇంకో రోజయితే మేమందరం కిందపడి నవ్వేవాళ్లం.

దినేశ్ జనగామలో పెళ్లి సగంలో వదిలి వచ్చాడు. మా బాపుకు దండ వేయమని నీకెవరు చెప్పారు అని నన్ను నిలదీశాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె బియ్యం కడుగుతోంది. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడుగుతోంది. తల ఎత్తలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ గిన్నె తీసి వాకిట్లోకి విసిరేద్దామనిపించింది. కానీ మాటిచ్చాను. నేనే చేశాను, నా బుద్ధి గడ్డి తిన్నది అన్నాను. ఆయన అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

తెల్లారి మామ చేతిసంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని భూపాలపల్లి బస్సెక్కాడు. అక్కడ మా వదినె సౌందర్య ఉంటుంది, ఆయన కూతురు. ఆమె భర్త రాజ్‌కుమార్‌ది కూడా బాయిలోనే పని. పోయే ముందు మామ గడపలో నిలబడి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"నా ఇంట్లనే నా చావుకు అన్ని తయారు పెట్టుకున్నరు. ఇగ ఆ కత్తి కింద నేనెందుకు పండాలె? ఆపరేషన్ లేదు, ఏం లేదు."

ఇరవై ఆరుకు పది రోజులుంది. ఎండాకాలం దాటనివ్వొద్దన్న డాక్టర్ మాట నాకు కూర్చున్నా లేచినా గుర్తొచ్చేది. మామకేమైనా అయితే చంపింది నేనే అవుతాను. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

మూడో రోజు రేణుక వచ్చింది. రేణుక అంగన్‌వాడీ టీచరు. ఏప్రిల్‌లో ఒకసారి వచ్చి, మొగుడు కొట్టిన దెబ్బల ఫొటోలు తీయించుకుంది. వీపు మీద, మెడ కింద. పోలీస్ స్టేషన్లో కాగితంతో పాటు పెట్టాలంది. తీసి, ప్రింట్లు ఇచ్చి, ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆ తర్వాత ఆమె మా దుకాణం వైపు రాలేదు. ఎదురైనా పక్కకు తిరిగి పోయేది. ఎందుకో నేను పట్టించుకోలేదు.

"మీ మామది వచ్చిందట గద అక్కా" అంది. "నావి గూడ వచ్చినయ్, పోయిన నెల. మా తమ్ముడే చూసిండు."

నేను కుర్చీలోంచి లేచాను. అప్పుడే నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"నువ్వే పెట్టినవనుకున్న. నేను నీకేం చేసిన, ఎందుకు పెట్టింది అని ఇంట్ల కూసొని సోచాయించిన. ఇప్పుడు మీ మామది సుత వచ్చిందంటే నువ్వు పెట్టలేదని సమజయింది. అవి తీసెయ్యక్కా, గంతే" అంది.

ఆమె ముందే చెరిపేశాను. చెరిపినట్టు చూపించాను. ఆమె పోయాక షట్టర్ సగం దించి చాలాసేపు ఏడ్చాను. మా మామ మొహం మీదే అన్నాడు, ఇల్లు వదిలి పోయాడు, కాబట్టి నాకు తెలిసింది. నోరు తెరవకుండా పక్కకు తిరిగి పోయినవాళ్లు ఇంకెందరున్నారో నాకెలా తెలుస్తుంది?

ఏడుపు అయ్యాక ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఈసారి ప్రతి అక్షరం చదివాను. ఫొటోలు ఎక్కడి నుంచి తీసుకోవాలి అనే చోట కంప్యూటర్‌లోని ఫొటోలన్నీ, కొత్తవి మళ్లీ మళ్లీ అని ఉంది. ఫోల్డర్ల లోపలి ఫోల్డర్లు కూడా అనే చోట టిక్కు పెట్టి ఉంది. కరెంటు బిల్లులని పేరు పెడితే దానికేం తెలుస్తుంది, అది ఫొటోనా కాదా అనేదే చూస్తుంది. ఆ టిక్కు మేం పెట్టలేదు. ముందే పెట్టి ఉంది. దాన్ని తయారు చేసినవాడెవడో మా తరఫున సరే అనేశాడు. దాని మీద మా ఆయన ఇంకో సరే నొక్కాడు. మొత్తం తొర్రూరు తరఫున మేమిద్దరం సరే అన్నట్టయింది. అడిగితే కాదనేవాళ్లు ఎందరో ఉన్నారు, ఒక్కరినీ అడగలేదు.

టిక్కు తీసేశాను. కొత్తగా ఒక ఫోల్డర్ చేసి, అందులోంచే చూపించు అని పెట్టాను. అందులో ఒక్క ఫొటో లేదు. టీవీ నల్లగా ఉండిపోయింది. ఆ రోజు నుంచి వచ్చినవాళ్లను వచ్చినట్టు అడగడం మొదలుపెట్టాను, నీ ఫొటో టీవీలో పెట్టొచ్చా అని. వద్దన్నవాళ్లే ఎక్కువ. ఒక కొత్త పెళ్లికొడుకు మాత్రం ఇప్పుడే పెట్టు, నేను చూసి పోతానన్నాడు.

రేణుక వచ్చిన మరుసటి రోజు పొద్దున భూపాలపల్లి పోదామని చీర మార్చుకుంటుంటే అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె చేతిలో అప్పటికే సంచి ఉంది. నేనూ వస్తున్న అంది, అంతే. హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పరకాల మీదుగా ఇంకో బస్సు. ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి కండక్టర్‌కు ఆధార్ చూపించాలి. చూపించాక అత్త కార్డును సంచిలో పెట్టలేదు. పరకాల దాటేదాకా చేతిలోనే పట్టుకుని తన మొహాన్ని చూసుకుంటూ కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను. ఆమె మీద కోపం ఇంకా పోలేదు.

"నేను ఆనాడు నోరు తెరవలె" అంది ఆమె, కార్డు వైపు చూస్తూనే. "భయమైంది బిడ్డా. నలభై రెండేండ్లల్ల ఆయనతోని ఒక్క ముచ్చట దాయలె. దాసిన ఒక్కటి గిట్లాయె."

నేను కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాను. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను, మాకు అలవాటు లేదు. సంచి అందుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

వదినె వాళ్ల క్వార్టర్‌కు చేరేసరికి రెండయింది. మామ ముందరి గదిలో కింద కూర్చుని కూలర్ విప్పి, పాత గడ్డి తీసి కొత్త గడ్డి కూరుతున్నాడు. మమ్మల్ని చూసి మళ్లీ పనిలో పడ్డాడు. సౌందర్య వదినె నీళ్లిచ్చింది గానీ నా మొహం చూడలేదు. మా బాపుకు దండ వేసి, మళ్లీ మా ఇంటికే వచ్చినవా అన్నట్టుంది ఆమె నిలబడిన తీరు.

నేను మొదలుపెట్టాను. తప్పు నాది, ఆ టీవీ సంగతి తెలియక జరిగింది, కాళ్లు పట్టుకుంటాను, ఆపరేషన్ మాత్రం మానొద్దు మామా అన్నాను. నా మాట పూర్తి కాకముందే అత్త అడ్డం వచ్చింది.

"ఆమెది గాదు. ఫొటో చేయమన్నది నేను" అంది.

వదినె గోడకు ఆనుకుంది. మామ చేతిలో గడ్డి చేతిలోనే ఉంది. అత్త నిలబడే చెప్పింది. తల్లి ఆధార్ మొహం సంగతి, నా దగ్గరికి వచ్చిన సంగతి, ఎవ్వరికీ చెప్పొద్దన్న సంగతి. ఆమె ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మామ అడిగాడు. "అంటే నేను పోతననే అనుకున్నవా?"

"నువ్వు రావాలెననే రోజు మొక్కుతున్న. రాకపోతే మొక్కెటందుకు నీ మొఖమే ఉండాలె అనుకున్న. ఇంకెవలో మనిషికి నేను మొక్కలేను."

ఆయన గడ్డి కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. ఇల్లు వదిలి పోయిన తర్వాత నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"మరి కోటెందుకేసినవు?"

నేను చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు.

"ముప్పై నాలుగేండ్లు బాయిల చేసిన. పెండ్లినాడు గూడ కోటు ఏయలె. టీవీల చూసిన్నాడు దండకంటె ఆ కోటుకే నా పానం పోయినట్టయింది. నేను గాదు అది."

అందరికీ అదే వేస్తాను మామా, చేతికి అలవాటయింది అన్నాను.

"అడగాలె గద" అన్నాడు.

"నేను గూడ నిన్ను అడగలె" అంది అత్త.

"అడిగితే నేనేమన్న కొడ్తుంటినా?"

"తిడ్తుంటివి."

మామ గడ్డి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "తిడ్తుంటి" అని ఒప్పుకున్నాడు.

వదినెకు నవ్వు ఆగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పోయింది. మామ మిగిలిన గడ్డి కూరి, జాలీ బిగించి, నీళ్లు పోయించి, కూలర్ స్విచ్ వేశాడు. చల్లగాలి ముందు అత్తకు తగిలేటట్టు తిప్పాడు. చేతులు తుడుచుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఎన్నో తారీఖన్నరు వాళ్లు?"

"ఇరవై ఆరు" అన్నాను.

"మరి నా ఫొటో ఎప్పుడు తీస్తవు?"

మర్నాడు ముగ్గురం కలిసి తొర్రూరు వచ్చాం. మామ ఇంటికి పోకుండా దుకాణానికే వచ్చాడు. వదినె ఇస్త్రీ చేసి ఇచ్చిన చారల చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. దినేశ్ కూడా ఉన్నాడు. తండ్రి ఎదురుగా కూర్చునేసరికి ఆయన కెమెరా ఎత్తి, దించి, నాకిచ్చేశాడు. నేను ఫోకస్ చూస్తుంటే మామ చెయ్యెత్తి ఆపి, అత్తను కూడా వచ్చి కూర్చోమన్నాడు. ఆమె రానంది.

"రా. ఇద్దరిది ఒక్కపాలే అయితది. ఎవలు ముందు పోతే వాళ్లను కోసుకొని పెట్టుకుంటరు" అన్నాడు.

అత్త కళ్లు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆమె మొహంలోది నవ్వో ఏడుపో ఫొటోలో కూడా తెలియదు. నొక్కాను. తర్వాత అందరినీ అడిగినట్టే మామనూ అడిగాను, ఇది టీవీలో పెట్టొచ్చా అని.

"ఆపరేషన్ అయినంక చెప్త" అన్నాడు మామ.

ఆపరేషన్ ఐదున్నర గంటలు పట్టింది. దవాఖాన వరండాలో బెంచీ మీద అత్తా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఆమె నా చెయ్యి వదల్లేదు. డాక్టర్ వచ్చి బాగా జరిగింది, ఇక భయం లేదు అన్నప్పుడు దినేశ్ నా భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పదకొండు రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట, చాయ్ తాగుతావా అని. తాగుతానన్నాను. ఆ చాయ్‌లో చక్కెర లేదు, అయినా తాగాను.

జూన్ రెండో వారంలో మామను ఇంటికి తెచ్చాం. అప్పటికి వానలు పడ్డాయి. నెలాఖరులో ఒక పొద్దున, ఎవరి సాయం లేకుండా, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, దారిలో రెండు చోట్ల ఆగి, దుకాణం దాకా నడిచి వచ్చాడు. వేణు హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పెట్టి లేచి నిలబడ్డారు. వాళ్లకు చెయ్యి ఊపి లోపలికి వచ్చి కూర్చున్నాడు. అప్పటికి మా టీవీలో ఏడు ఫొటోలున్నాయి. ఏడింటినీ ఒక్కొక్కటే చూశాడు. వీళ్లందరినీ అడిగినవా అన్నాడు. అడిగానన్నాను.

"అయితే ఇగ మాది పెట్టు" అన్నాడు.

నేను సంబరంగా ఫొటో తీసి ఆ ఫోల్డర్‌లోకి లాగబోయాను.

"ఆగు" అన్నాడు మామ. "అండ్ల మీ అత్త గూడ ఉన్నది గద. ఆమెను అడిగినవా?"

అడగలేదు. ఇంత జరిగాక కూడా నేను అడగలేదు. సిగ్గుపడుతూ ఇంటికి ఫోన్ చేసి, మామ సరే అన్నాడు, నువ్వేమంటావు అత్తమ్మా అన్నాను. ఇంట్లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"గది వద్దు బిడ్డా. అండ్ల నేను ఏడ్చిన మొఖం పెట్టిన. ఆయనను ఆడనే కూసోమను, చీర కట్టుకొని వస్త. ఇంకోటి తీయి" అంది.

ఆ మాట మామకు చెప్పాను. ఆయన సరే అని, కుట్ల గీత కనిపించకుండా చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో దాన్ని తీసేశాడు. నేను లోపలి గదిలోకి పోయి లైట్లు వేశాను.